మధ్యలో గుంటూరు

1766 నవంబరు 12న నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ హైదరాబాదులో కుదిరిన ఒడంబడికలో ఐదు సర్కార్ల పేర్లున్నాయి. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం అని రాసిన కొండపల్లి, ఈ మూడింటికీ కలిపి కంపెనీ ఏడాదికి ఐదు లక్షలు కట్టాలి. చికాకోలుకు, అంటే మన శ్రీకాకుళానికి, రెండు లక్షలు. ఐదోది ముర్తజానగరం, అంటే గుంటూరు. దానికీ రెండు లక్షలే. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నన్నాళ్ళూ గుంటూరు ఆయన అనుభవంలో ఉంటుంది, ఆయన తదనంతరం కంపెనీకి దఖలు పడుతుంది.

నేను రెవెన్యూలో గుమాస్తాగా చేరి తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి. నా సర్వీసంతా గుంటూరు చుట్టుపక్కలే గడిచింది. జీవితకాలం ఒకరు అనుభవించి తదనంతరం మరొకరికి చెందాలని రాసిన దస్తావేజు బల్ల మీదికొస్తే, ఎక్కడో ఒక వ్యాజ్యం పుట్టి పెరుగుతోందని మావాళ్ళకు పూర్తిగా చదవకుండానే తెలిసిపోతుంది. అనుభవించేవాడికి ఆస్తి మీద జాలి ఉండదు, రావలసినవాడికి ఆగే ఓపిక ఉండదు. గుంటూరు విషయంలోనూ అదే జరిగింది. ఇక్కడ కక్షిదారుల చేతుల్లో పటాలాలున్నాయి, అంతే తేడా.

ఆ కాగితాన్ని కౌలు పత్రంలా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. అది రక్షణ ఒప్పందం. ఈ సర్కార్లను కంపెనీకి రాసిస్తూ ఢిల్లీ పాదుషా షా ఆలం ఇచ్చిన ఫర్మానా 1765లోనే కంపెనీ చేతికొచ్చినా, దక్కనులో నిజాం ఒప్పుకోకపోతే దానికి విలువ లేదు. నిజాంకు అటు మరాఠాలతో, ఇటు మైసూరు హైదర్‌తో బెడద. కవాతు నేర్చిన సిపాయిలు కావాలి. కంపెనీ ఆ సిపాయిలను అడిగినప్పుడు పంపుతుంది, నిజాం కోస్తాను వదులుతాడు. సిపాయిల అవసరం పడని ఏడు కంపెనీ పేష్కష్, అంటే పైన చెప్పిన లక్షల కప్పం, కట్టాలి. ఇప్పటి పత్రికల్లో మిత్రదేశాలు రక్షణ ఖర్చులో ఎవరి వాటా ఎంత అని కీచులాడుకుంటున్న వార్త కనిపించినప్పుడల్లా నాకు ఈ లక్షల లెక్కే గుర్తొస్తుంది.

స్నేహం ఏడాది కూడా నిలవలేదు. 1767లో నిజాం హైదర్ పక్షం చేరి ఇంగ్లీషువాళ్ళ మీదికే నడిచాడు. సెప్టెంబరులో చెంగం దగ్గర, తిరువణ్ణామలై దగ్గర దెబ్బతిని వెనక్కి వచ్చాడు. 1768 ఫిబ్రవరి 23న మళ్ళీ ఒడంబడిక. ఈసారి పేష్కష్ తగ్గింది. నిజాం అడిగితే రెండు పటాలాల సిపాయిలు, యూరోపియన్లు నడిపే ఆరు ఫిరంగులు పంపుతారు. వాడుకున్నన్నాళ్ళు ఖర్చు నిజాందే. గుంటూరు మెలిక మాత్రం అలాగే ఉండిపోయింది. ఓడినవాడితో రాసుకున్న కాగితం కాబట్టి ఈ సర్దుబాటు గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. అసలు కథ పదేళ్ళ తరువాతది.

బసాలత్ జంగ్ ఉండేది ఆదోనిలో. గుంటూరు ఆయనకు దూరాన ఉన్న రాబడి. వాసిరెడ్డివారు, మల్రాజువారు వంటి జమీందారుల దగ్గర కిస్తులు వసూలు చేసుకోవడం తప్ప ఆ సీమతో ఆయనకు పని లేదు. కానీ గుంటూరు సర్కారుకు సముద్రం ఉంది, సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లే. పద్ధెనిమిదో శతాబ్దానికి ఆ రేవు పాత వైభవమంతా పోయినా పడవలు ఆగేవి. ఆ దారినే ఆదోనికి ఫ్రెంచి మనుషులు, తుపాకులు, మందుగుండు చేరేవి. బసాలత్ జంగ్ కొలువులో లాలీ అనే సర్దారు కింద ఒక ఫ్రెంచి దళం ఉండేది. వందవాసిలో ఓడిపోయిన లాలీ కాదు, ఈయన వేరు.

1778లో అమెరికా తిరుగుబాటు పుణ్యమా అని ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం మొదలైంది. ఆ అక్టోబరులో పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ వశమైంది. ఇక దక్షిణాదిలో మిగిలిన ఫ్రెంచి బలగం ఎక్కడున్నా మద్రాసు కోటకు కంట్లో నలుసే. తమ్ముడికి చెప్పి ఆ ఫ్రెంచివాళ్ళను పంపించేయమని అంతకుముందే నిజాంను అడిగారు. ఆయన సరేనన్నట్టే అని ఊరుకున్నాడు. ఈలోగా హైదర్ కడపను మింగి ఆదోని వైపు చూస్తుంటే బసాలత్ జంగ్‌కు భయం పట్టుకుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డ్‌కు అది అదనుగా దొరికింది.

1779లో రంబోల్డ్ నేరుగా బసాలత్ జంగ్‌తో బేరం కుదుర్చుకున్నాడు. తమ్ముడు ఫ్రెంచివాళ్ళను తీసేస్తాడు, గుంటూరును కంపెనీకి గుత్తకిస్తాడు, కంపెనీ ఆదోనికి సైన్యం పంపుతుంది. అన్నకు మాత్రం కబురు లేదు. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడి వాటా పొలాన్ని పెద్దవాడికి తెలియకుండా కౌలుకు తీసుకుని, గట్టు మీద సొంత కాపలావాళ్ళను నిలబెట్టిన పొరుగు రైతును ఊహించుకోండి. అక్కడితో ఆగినా కొంత నయం. తీసుకున్న గుంటూరును మద్రాసువాళ్ళు ఆర్కాటు నవాబు మహమ్మదలీకి పదేళ్ళకు మారుగుత్త ఇచ్చారు. నిజాం లెక్కలో ఆర్కాటు నవాబు తన చేతికింది మనిషి. నాకు ఈ ఘట్టంలో రంబోల్డ్ దురాశకన్నా ఆయన నిర్లక్ష్యమే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఫ్రెంచివాళ్ళు పోవాలన్న కోరిక న్యాయమైనదే కావచ్చు. దానికోసం ఎవరి మైత్రి కావాలో ఆయన్నే తోసిరాజన్నాడు.

ఆదోనికి బయలుదేరిన కల్నల్ హార్పర్ సైన్యం కడప సీమ మీదుగా వెళ్ళాలి. అది అప్పటికి హైదర్ రాజ్యం. ఆయన్నీ అడగలేదు. కనుమల్లో చెట్లు నరికి దారికి అడ్డం పడేసి హైదర్ మనుషులు కాచుకుని ఉంటే, హార్పర్ వెనక్కి తిరిగాడు. ఒక్క గుత్త పత్రంతో మద్రాసు ఇద్దరిని రెచ్చగొట్టింది.

ఇక హైదరాబాదుకు సంజాయిషీ చెప్పడానికి జాన్ హాలండ్ అనే అధికారిని పంపారు. 1779 ఏప్రిల్లో ఆయన దర్బారుకు చేరాడు. ఆయన చేతికిచ్చిన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, గుంటూరు విషయంలో మేం చేసింది మీ మేలుకేనని నమ్మించాలి. రెండు, మిగతా సర్కార్లకు కట్టాల్సిన పేష్కష్ అప్పటికే బకాయి పడింది, దాన్ని వదులుకోమని ఒప్పించాలి. కోపంగా ఉన్న మనిషి దగ్గరికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళి, పనిలో పనిగా బాకీ కొట్టేయమని అడగడం ఏ లోకపు రాయబారమో తెలియదు. నిజాం మండిపడ్డాడు. బసాలత్ జంగ్ తీసేసిన ఫ్రెంచి దళాన్ని పిలిచి తన కొలువులో పెట్టుకున్నాడు. పుణే వాళ్ళతో, హైదర్‌తో మంతనాలు మొదలయ్యాయి.

1780 జులైలో హైదర్ కనుమలు దిగి కర్ణాటకం మీద పడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కల్నల్ బెయిలీ సైన్యం మొత్తం నాశనమైంది. హైదర్ కోపానికి గుంటూరు ఒక్కటే కారణం అనను. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచి రేవు మాహేను పట్టుకోవడం ఉంది, వాళ్ళు పాత మాట తప్పిన కక్ష ఉంది. కానీ ముగ్గురూ ఒక్కటైన ఆ ఏడాది నిజాం కూడా కత్తి దూసి ఉంటే కోస్తా అంతా ఎటు పోయేదో చెప్పలేం. దూయలేదు. ఎందుకు దూయలేదన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

కలకత్తాలో ఉన్న గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌కు హాలండ్ తన ఉత్తరాల నకళ్ళు పంపుతుండేవాడు. పై ఆఫీసుకు నకలు పంపినందుకు కింది ఆఫీసు ఆయన్ను వెనక్కి పిలిచి కొలువు ఊడబీకింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. గవర్నర్లు మారారు, రాజ్యాలు మారాయి, ఆఫీసుల బుద్ధి మారలేదు. హేస్టింగ్స్ ఊరుకోలేదు. హాలండ్‌ను మద్రాసు మనిషిగా కాక బెంగాలు తరఫు మనిషిగా హైదరాబాదులోనే ఉంచాడు. హైదరాబాదు రెసిడెంట్ల వరుసలో మొదటి పేరు అలా హాలండ్‌దైంది. పేష్కష్ మాఫీ అడగడం తమ ఉద్దేశం కాదని, కట్టాల్సింది కడతామని నిజాంకు రాయించాడు. గుంటూరును బసాలత్ జంగ్‌కు తిరిగి అప్పగించమని మద్రాసుకు ఆజ్ఞ పంపాడు.

మద్రాసు నానబెట్టింది. రంబోల్డ్ అప్పటికి ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో కూర్చున్న వైట్‌హిల్ ఏదో సాకుతో అప్పగింత జరగనివ్వలేదు. కలకత్తా ఆయన్ను పదవి నుంచి సస్పెండ్ చేసింది. ఆ ఉత్తర్వు పట్టుకుని వచ్చినవాడు సేనాధిపతి సర్ ఐర్ కూట్. పొల్లిలూరు దెబ్బ తగిలి, కర్ణాటకం తగలబడుతున్న రోజుల్లో, ఒక గవర్నరును గుంటూరు తిరిగివ్వనందుకు దించేశారు. మన ఊరి కోసం అంత పెద్ద ఉద్యోగం ఊడటం చరిత్రలో అదొక్కసారే అనుకుంటాను.

హేస్టింగ్స్ ధర్మాత్ముడేం కాదు. ఆయన కాశీలో, అయోధ్యలో చేసినవి అందరికీ తెలిసినవే. నిజాం కూడా ఒక్క ఉత్తరానికి కరిగిపోయే రకం కాదు. హైదర్ మరీ పెరిగిపోతాడన్న భయం ఆయనకూ ఉంది. అయినా జరిగింది ఇది. మేం తప్పుగా తీసుకున్నాం అని ఒప్పుకుని, తీసుకున్నదాన్ని చేతిలో పెట్టి, అడ్డుపడిన సొంత మనిషిని దించారు. నిజాం ఆ యుద్ధమంతా కదలకుండా కూర్చున్నాడు.

హాలండ్ తరువాత హైదరాబాదులో ఉన్న జేమ్స్ గ్రాంట్ గురించి ఒక మాట. దర్బారులో పని తక్కువై ఆయన సర్కార్ల జమా లెక్కలన్నీ తవ్వి పెద్ద నివేదిక తయారు చేశాడు. జమీందారులకు భూమి మీద హక్కు లేదు, వాళ్ళు వసూలుదార్లే అన్నది ఆయన వాదం. మా శాఖలో ఆ తరువాత నూరేళ్ళు నడిచిన తగువుకు మొదటి కాగితాల్లో అదొకటి. రాయబారి వెళ్ళినచోట ఊరికే కూర్చోడు, ఇంటి కొలతలు తీస్తాడు.

1782లో బసాలత్ జంగ్ పోయాడు. మెలిక విడిపోయింది, గుంటూరు ఇక కంపెనీది. కాగితం ప్రకారం. కానీ ఆ రోజుల్లో కంపెనీకి యుద్ధం తప్ప మరో ధ్యాస లేదు. నిజాం గుంటూరును వదల్లేదు, కంపెనీ పేష్కష్ కట్టలేదు. ఇద్దరూ ఎదుటివాడి తప్పును తమ తప్పుకు చెల్లు పెట్టుకుంటూ ఆరేళ్ళు గడిపారు. ఆ మధ్యే, 1783లో, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు జమీందారీకి వచ్చాడు. ఆయన కిస్తు కట్టింది నిజాం మనుషులకు.

1788లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ కెప్టెన్ జాన్ కెన్నవేను హైదరాబాదు పంపాడు. మాట మెత్తగా ఉంది, వెనకాల సైన్యం సిద్ధంగా ఉంది. సెప్టెంబరులో గుంటూరు చేతులు మారింది. ఎవరూ చావలేదు. నిజాం తన వంతుగా, రావలసిన పేష్కష్ లెక్కలు తేల్చుకుని స్నేహం బిగించుకురమ్మని మీర్ ఆలంను కలకత్తాకు పంపాడు. ఈ సర్దుబాటుకు నేను మంచి మార్కులే వేస్తాను. కంపెనీ అడిగింది ఒప్పందంలో ఉన్నదే. నిజాం కూడా గుంటూరును ఊరికే వదలక, దాని మీద రక్షణ హామీ ఒకటి రాబట్టుకోవాలని చూశాడు.

ఆ హామీ విచిత్రమైనది. 1784 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం గవర్నర్ జనరల్ కొత్తగా రక్షణ ఒప్పందాలు చేసుకోకూడదు. అందుకని కారన్‌వాలిస్ 1789 జులైలో ఒప్పందానికి బదులు ఉత్తరం రాశాడు. ఈ ఉత్తరం ఒప్పందమంత గట్టిదనుకోండి అన్నాడు. పాత షరతు ప్రకారం పంపే పటాలాలను మా మిత్రుల మీద తప్ప ఎవరి మీదైనా వాడుకోవచ్చు అని, ఆ మిత్రుల పేర్లు వరసగా రాశాడు. పేష్వా ఉన్నాడు, సింధియా ఉన్నాడు, ఆర్కాటు, తంజావూరు, తిరువాన్కూరు ఉన్నాయి. హైదర్ కొడుకు టిప్పు పేరు లేదు. అది చదివి టిప్పు ఏమనుకుని ఉంటాడో వేరే చెప్పనక్కర్లేదు. ఏడాది తిరక్కుండా యుద్ధం. 1790 జులై 4న పానగల్లు దగ్గర నిజాంతోనూ, అంతకు నెల ముందు పుణేతోనూ ఒడంబడికలు. 1792లో టిప్పు సగం రాజ్యం ముగ్గురూ పంచుకున్నారు. నిజాం వాటాలోకి కడప, గండికోట వచ్చాయి.

పంపకం అయ్యాక పాలివాళ్ళ మధ్య తగువు రావడం మామూలే. మరాఠాలు నిజాం నుంచి చౌత్ బకాయిలు అడిగారు. కొండంత లెక్క చూపించారు. నిజాం ఇంగ్లీషువాళ్ళను అడిగిందల్లా ఒక్కటే: వాళ్ళు నా మీదికొస్తే మీరు వస్తారా? కారన్‌వాలిస్ ముగ్గురికీ కలిపి ఒక హామీ పత్రం రాయాలని చూశాడు, పుణే ఒప్పుకోలేదు. ఆయన తరువాత వచ్చిన సర్ జాన్ షోర్ పుస్తకం తెరిచాడు. 1790 ఒడంబడిక టిప్పు మీద కట్టుకున్నది. మిత్రుల్లో ఇద్దరు తమలో తాము కొట్టుకుంటే మూడోవాడు ఎటూ చేరనక్కర్లేదు. చట్టం కూడా కూడదంటోంది. కాగితం చూస్తే షోర్ తప్పేం లేదు. ఫైలు మీద నేనున్నా బహుశా అదే నోటు రాసేవాణ్ణి.

1795 మార్చి 11న, ఇప్పటి అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) జిల్లాలోని ఖర్డా దగ్గర నిజాం సేన మరాఠాలకు ఎదురుపడింది. హైదరాబాదులో ఉన్న ఇంగ్లీషు పటాలాలు ఆ యుద్ధానికి రాలేదు. నిజాం తరఫున నిలబడి పోరాడినవాడు ఫ్రెంచివాడైన రేమండ్. చీకటి పడ్డాక సేన చెదిరిపోయి, ముసలి నిజాం ఖర్డాలోని చిన్న కోటలో చిక్కుకున్నాడు. దౌలతాబాదు ఇచ్చేశాడు, మూడు కోట్ల రూపాయలకు ఒప్పుకున్నాడు, అన్నిటికన్నా అవమానం, తన దివాను అరస్తూ జాను పుణేకు బందీగా పంపాడు. ఇంటికొచ్చి చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఇంగ్లీషు పటాలాలను వెళ్ళిపొమ్మనడం. అక్కరకు రాని సిపాయిలకు జీతం దేనికి?

వాళ్ళు వెళ్ళినచోటును రేమండ్ నింపాడు. ఆయన దళం పద్నాలుగు వేల దాకా పెరిగింది. మెదక్ వైపు జాగీరు, హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా. ఇవాళ గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచే చోటు అదే. దళంలో కొంత భాగాన్ని కడప సీమకు, కంపెనీ సరిహద్దు దాకా పంపితే షోర్ అప్పుడు ఉలిక్కిపడ్డాడు. 1779లో ఆదోనిలో ఉన్న చిన్న ఫ్రెంచి దళాన్ని చూసి బెదిరి నిజాంను పోగొట్టుకున్నారు. 1795లో నిజాంను వదిలేసి పెద్ద ఫ్రెంచి దళాన్ని తెచ్చుకున్నారు.

అతుకు వేసే పని ఇంట్లోంచే మొదలైంది. ఆ జూన్‌లోనే నిజాం కొడుకు అలీ జా బీదరు వైపు తిరుగుబాటు చేశాడు. భయపడిన తండ్రి, పొమ్మన్న ఇంగ్లీషు పటాలాలనే మళ్ళీ రమ్మన్నాడు. వాళ్ళు వచ్చేసరికి రేమండ్ పని ముగించేశాడు. అయినా వాళ్ళు మళ్ళీ హైదరాబాదులో ఉన్నారు, అదీ సంగతి. 1797లో పుణేలోని కుట్రల పుణ్యాన అరస్తూ జా విడుదలై తిరిగొచ్చి మళ్ళీ దివాను అయ్యాడు. రెండేళ్ళు శత్రువు ఊళ్ళో బందీగా కూర్చున్న మనిషి. మరాఠాల నుంచి కాపాడే బలం ఎక్కడ దొరికితే అక్కడ చేయి చాపాలని తేల్చుకున్నాడు. ఆయనకు అది కంపెనీలో కనిపించింది.

అవతల, కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఇండియాకు వస్తూ 1798 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా కొనలోని కేప్‌లో ఆగాడు. ఒంట్లో బాగోలేక అక్కడ ఉన్న విలియం కిర్క్‌పాట్రిక్ ఆయనకు దొరికాడు. హైదరాబాదులో రెసిడెంటుగా చేసి వచ్చిన మనిషి. రేమండ్ దళం గురించి, ఖర్డా తరువాత నిజాం మనసులో ఏముందన్న దాని గురించి వెల్లస్లీ ఆయన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. వెల్లస్లీ మన ఒడ్డు తొక్కకముందే, మార్చి 25న, రేమండ్ చనిపోయాడు. హైదరాబాదులో విలియం తమ్ముడు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటు పని చూస్తున్నాడు. ఆయన ప్రేమకథ ఇప్పుడు అందరి నోళ్ళలో నానుతోంది కాబట్టి దాని జోలికి పోను.

1798 సెప్టెంబరు 1న ఒడంబడిక. ఆరు పటాలాలు హైదరాబాదులో ఉంటాయి. ఖర్చు నెలకు 2,01,425 రూపాయలు, ఏడాదికి 24,17,100. నిజాం ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. మరాఠాలతో తగువొస్తే కంపెనీ మధ్యవర్తిగా ఉంటుంది. ఖర్డాకు ముందు నిజాం అడిగినదానికి జవాబు ఇన్నాళ్ళకు వచ్చింది. షోర్ పుస్తకం చూసి కాదన్నదాన్ని వెల్లస్లీ పుస్తకం మూసి ఔనన్నాడు.

సంతకం అయ్యాక నిజాం వెనకాడాడు. పద్నాలుగు వేల మందిని ఊరి పక్కన పెట్టుకుని వాళ్ళ సర్దార్లను తీసేయడమంటే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. కంపెనీ సైన్యాన్ని లెఫ్టినెంట్ కల్నల్ రాబర్ట్స్ కింద ఎక్కడ పోగు చేశారో ఊహించగలరా? గుంటూరు సర్కారులో. పదేళ్ళ కింద తిరిగొచ్చిన ఆ నేలే ఇప్పుడు హైదరాబాదు మీదికి దారి అయింది. అక్టోబరు 10కి వాళ్ళు హైదరాబాదు చేరారు. కిర్క్‌పాట్రిక్ దర్బారును ఒత్తిడి చేసి ఫ్రెంచి సర్దార్ల తొలగింపు హుకుం బయటికి తెప్పించాడు. జీతాలు అందవేమోనన్న భయంతో సిపాయిలు రేమండ్ తరువాత వచ్చిన పిరోన్‌నే పట్టుకున్నారు. సర్దిచెప్పడానికి వెళ్ళిన యువకుడు జాన్ మాల్కమ్‌ను కూడా ఆ గుంపు చుట్టుముడితే, ఒకప్పుడు ఆయన పటాలంలో ఉండి పారిపోయి ఇక్కడ చేరిన సిపాయిలు గుర్తుపట్టి బయటికి లాగారు. మర్నాడు, 22న, కంపెనీ సైన్యం చుట్టుముట్టింది. కొన్ని గంటల్లో ఆయుధాలన్నీ కింద పడ్డాయి. నెత్తురు చిందలేదు. ఫ్రెంచి సర్దార్లను వాళ్ళ సొత్తుతో సహా మర్యాదగా సాగనంపారు.

రేమండ్ మీద హైదరాబాదుకు కోపం లేదు. హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లిములు మూసా రహీమ్ అన్నారు, మూసారాంబాగ్ అని ఒక పేట ఆయన పేరున మిగిలింది. కొండ మీద సమాధి, దాని మండపం 2001లో వానలకు కూలితే మళ్ళీ కట్టారు. కిర్క్‌పాట్రిక్ భవంతి కోఠీ ఉమెన్స్ కాలేజీ అయింది. పోటీపడ్డ ఇద్దరు ఫిరంగీల గుర్తులనూ ఊరు ఉంచుకుంది.

1780, 1798 సర్దుబాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మొదటిదే మరమ్మతులా కనిపిస్తుంది. అందులో తప్పు చేసినవాడు తీసుకున్నది తిరిగిచ్చాడు, రెండోవాడు అలిగే హక్కును తన దగ్గరే ఉంచుకున్నాడు. మళ్ళీ అలిగాడు కూడా. 1798లో దాన్నే తీసేశారు. ఇకపై నిజాం కోపం వచ్చినా ఇంగ్లీషు పటాలాలను పొమ్మనలేడు, పొమ్మంటే వేరే దళం లేదు. 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడిక దాన్ని కాగితం మీద కూడా పక్కా చేసింది. ఇతర రాజ్యాలతో నిజాం స్వయంగా మంతనాలాడకూడదు. పటాలాలు ఎనిమిదికి పెరిగాయి, వాటికి తోడు గుర్రపు దళాలు. నెలనెలా రొక్కం ఇచ్చే బాధ లేకుండా, 1792లోనూ టిప్పు పోయిన 1799లోనూ తనకు వచ్చిన సీమలన్నీ నిజాం కంపెనీకి దఖలు పరిచాడు. కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాల దత్తమండలాలు అవే. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా ఆ పేరుతోనే బతికాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ళను అణచి, ఊరూరా భూములు కొలిపించాడు. రక్షణ ఖర్చు కింద జమ పడిన నేల కాబట్టి రాబడి ఎంతో కంపెనీకి తొందరగా తెలియాలి.

ఇక పేష్కష్. గుంటూరు కూడా చేరాక మొత్తం ఏడాదికి ఏడు లక్షలని 1768లోనే రాసుకున్నారు. కంపెనీ నిజాంకు సర్వం తానే అయ్యాక కూడా ఆ ఏడు లక్షలు కాగితం మీద బాకీగానే నడిచాయి. 1820ల నాటికి నిజాం సర్కారు విలియం పామర్ అండ్ కంపెనీ అనే షాహుకారు కొఠీకి పీకల్లోతు అప్పుపడింది. రెసిడెంటు చార్లెస్ మెట్‌కాఫ్ ఆ అప్పు తీర్చే దారి వెతికితే ఈ పేష్కష్ కనిపించింది. 1823లో కంపెనీ దాన్ని ఒక్కసారి రొక్కమిచ్చి శాశ్వతంగా రద్దు చేసుకుంది. ఇచ్చిన మొత్తం 1,16,66,666 రూపాయలు. నూటికి ఆరు వడ్డీ మీద ఏడాదికి ఏడు లక్షలు రావాలంటే అసలు ఎంతుండాలో వేసి చూడండి, రూపాయి తేడా రాదు. అందులో గుంటూరు తాలూకు రెండు లక్షలకు వాటా తీస్తే 33,33,333 రూపాయలు. ఆ డబ్బు పామర్ కొఠీ అప్పుకు జమ అయింది.